సముద్రపుటొడ్డు చంద్రశాలలు: ఒక ఆర్థిక పరిశీలన

తెలుగు నిఘంటువులలో చంద్రశాల అనే మాట వుంది. మేడమీద, అన్నిటికంటే పైన వుండే గది అని దానికి అర్థం. ఆ చంద్రశాలకే యీనాడు నగరాలలో పెంట్‌హౌస్ అని పేరు. అయితే మన విశాఖలోనో, హైదరాబాదులోనో "టు లెట్" బోర్డు మీద కనిపించే పెంట్‌హౌస్ సంగతి వేరు. అది మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన రేకులో, పల్చటి స్లాబో వేసి లేపిన ఒంటిగది. వేసవిలో పెనంలా కాలుతుంది. అందుకే పెళ్ళికాని ఉద్యోగులకూ, విద్యార్థులకూ తక్కువ అద్దెకు ఇస్తారు. యీ సంచిక చదివేవారిలో అటువంటి గదిలో కాపురం చేసినవారు చాలామంది వుండి వుంటారు. ముంబయిలో వర్లీ సముద్రపుటొడ్డున అదే పేరుగల ఇల్లు వందల కోట్లు పలుకుతున్నది. రెండూ మేడమీదివే. రెంటికీ పైన వున్నది ఆకాశమే. మరి యింత తేడా ఎక్కడ నుంచి వచ్చింది?

ధనవంతుల విలాసం మనకెందుకు అని కొందరు అనవచ్చును. కాని అర్థశాస్త్రం చదివేవారికి భూమి, ధర, అద్దె అనే మూడింటి సంబంధాన్ని యింత స్పష్టంగా చూపించే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. పైగా విశాఖ సముద్రతీరంలో కూడా అంతస్తులు లేస్తున్నాయి. కాబట్టి ముందుగా ముంబయి పడమటి తీరాన్ని పరిశీలించి, అక్కడ తెలుసుకున్నదానితో మన తీరానికి వద్దాం.

1. పై అంతస్తుకు గౌరవం ఎప్పుడు వచ్చింది?

పెంట్‌హౌస్ అనే మాట పుట్టుకలో దర్జా ఏమీ లేదు. పాత ఫ్రెంచి మాట నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాని అర్థం పెద్ద గోడకు ఆనించి దింపిన చూరు. మన వైపు చెప్పాలంటే పంచపాళీ వంటిది. అంతస్తుల యిళ్ళలో కూడా పై భాగానికి చాలాకాలం విలువ లేదు. పందొమ్మిదవ శతాబ్దపు పారిస్‌లో డబ్బున్నవాళ్ళు మొదటి, రెండవ అంతస్తులలో వుండేవారు. మెట్లెక్కిన కొద్దీ అద్దె తగ్గేది. చిట్టచివర, కప్పు కింది యిరుకు గదుల్లో పనివాళ్ళు పడుకొనేవారు.

యీ వరుసను తలకిందులు చేసింది లిఫ్టు. 1850 దశకంలో ఎలీషా ఓటిస్ అనే అమెరికన్, తాడు తెగినా పడిపోకుండా ఆగిపోయే ఏర్పాటును న్యూయార్కులో ప్రదర్శించాడు. మోకాళ్ళ నొప్పులకూ అంతస్తుకూ సంబంధం తెగిపోయిన తరువాత పై అంతస్తుకు గాలి, వెలుతురు, నిశ్శబ్దం అనే గుణాలు మాత్రమే మిగిలాయి. 1920 దశకానికి న్యూయార్కులో నీళ్ళ తొట్లకూ, బట్టలు ఆరేసుకోవడానికీ, పనివాళ్ళ గదులకూ వదిలిన డాబాలు సంపన్నుల నివాసాలయ్యాయి. అంటే వస్తువు మారలేదు. దానిని చేరుకొనే దారి మారింది, ధర మారింది. మన "టు లెట్" గదికి పాత విలువే మిగిలి వుండటానికి కారణం కూడా యిదే. మూడంతస్తుల మేడకు లిఫ్టు వుండదు గదా!

2. ఆకర్షణకు కారణాలు

సముద్రం ఎదురుగా వుండాలనే కోరికలో కొంత శరీరధర్మం, కొంత మనోధర్మం వున్నాయి. పగలు నేల త్వరగా వేడెక్కి, దానిపై గాలి తేలికై పైకి పోతుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఎత్తుకు పోయిన కొద్దీ ఆ గాలికి అడ్డు తగ్గుతుంది. దుమ్ము, దోమ, రోడ్డు మోత తగ్గుతాయి. ఎదుటి కిటికీ నుంచి చూసేవారు వుండరు. యిరుకు నగరంలో ఏకాంతానికి మించిన విలాసం లేదు.

దృశ్యం సంగతి లెక్కవేసి చూద్దాం. భూమి గుండ్రంగా వుండటం వల్ల మనకు కనిపించే దిగంతం కంటి ఎత్తు మీద ఆధారపడుతుంది. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఇసుకలో నిలబడి, నీటిమట్టానికి 2 మీటర్ల ఎత్తు నుంచి చూసేవాడికి దిగంతం సుమారు 5 కి.మీ. పదవ అంతస్తులో, 30 మీటర్ల ఎత్తున వున్నవాడికి 20 కి.మీ. దగ్గర. ఇరవయ్యవ అంతస్తులో 28 కి.మీ. నలభయ్యవ అంతస్తులో 39 కి.మీ. ఎత్తు రెండింతలయితే దృశ్యం రెండింతలు కాలేదు, ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు. యీ లెక్కను గుర్తుంచుకోండి, ధర దగ్గర మళ్ళీ అవసరపడుతుంది.

ఆకర్షణకు ఒక అడ్డు కూడా వుంది. ముంబయికి సముద్రం పడమర. దృశ్యమూ, గాలీ ఎటునుంచి వస్తాయో, మధ్యాహ్నపు ఎండా, జూన్ నెల వర్షపు జల్లూ కూడా అటునుంచే వస్తాయి. కిటికీ తెరిస్తే కష్టం, మూస్తే నష్టం. కుంబాలా హిల్ మీద 1983లో పూర్తయిన కాంచన్‌జంగా అనే 28 అంతస్తుల భవనంలో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా దీనికి మన పాత పద్ధతిలో పరిష్కారం చూపించాడు. పాతకాలపు బంగళా చుట్టూ వరండా వుండి, గదులకు ఎండా వానా తగలకుండా కాపాడేది గదా. ఆయన ఆ వరండానే మూలలలో, రెండంతస్తుల ఎత్తున తోటగా మార్చి, 32 ఫ్లాట్లకూ పంచాడు. యీనాటి గాజు గోడల భవనాలు చాలావరకు యీ పాఠాన్ని మరిచాయి. గాజు వేసి, వేడిని లోపలికి రానిచ్చి, దానిని ఎయిర్ కండిషనర్లతో బయటికి తోస్తున్నాయి.

3. ధర ఎలా ఏర్పడుతుంది?

ముంబయి బిల్డర్ల లెక్కలో "ఫ్లోర్ రైజ్" అనే పద్దు వుంటుంది. ఒక స్థాయి దాటాక ప్రతి అంతస్తుకూ చదరపు అడుగుకు యింత అని కలుపుకుంటూ పోతారు. సముద్రం వైపు ముఖం వుంటే దానికి వేరే రుసుము. 2025లో వర్లీలో ఒక భవనంలోని 32వ అంతస్తు నుంచి 35వ అంతస్తు వరకు వున్న రెండు డ్యూప్లెక్స్ ఫ్లాట్లు కలిపి 639 కోట్ల రూపాయలకు రిజిస్టరు అయినట్లు పత్రికలలో వచ్చింది. వాటి వైశాల్యం 22,572 చదరపు అడుగులు. అంటే చదరపు అడుగు 2 లక్షల 83 వేల రూపాయలు. ఎంత మంచి చలువరాయి పరిచినా, ఎంత దూరం నుంచి కుళాయిలు తెప్పించినా నిర్మాణపు ఖర్చు అందులో పదోవంతుకు చేరడం కష్టం. మిగతాది దేనికి?

దీనికి ముగ్గురు ఆర్థికవేత్తలు మూడు జవాబులు చెబుతారు. 1817లో డేవిడ్ రికార్డో, సారవంతమైన భూమికీ నిస్సారమైన భూమికీ వున్న తేడాయే కౌలు అన్నాడు. గోధుమ ధర ఎక్కువ కావడానికి కౌలు కారణం కాదు. గోధుమ ధర ఎక్కువ కాబట్టి మంచి భూమికి కౌలు పెరుగుతుంది. యీ సూత్రాన్ని నిలువుగా నిలబెడితే ఫ్లోర్ రైజ్ అవుతుంది. 1899లో థార్‌స్టీన్ వెబ్లెన్, కొన్ని వస్తువులను ఖరీదైనవి కనుకనే కొంటారనీ, నలుగురూ చూడటమే వాటి ఉపయోగమనీ చెప్పాడు. 1976లో ఫ్రెడ్ హిర్ష్ యింకొంచెం ముందుకు పోయి స్థానవస్తువులు అనే భావనను తెచ్చాడు. బియ్యం ఉత్పత్తి పెంచితే అందరికీ అందుతుంది. కాని మొదటి ర్యాంకును ఎంతమందికి ఇవ్వగలరు? దేశం ఎంత సంపన్నమైనా భవనానికి చివరి అంతస్తు ఒక్కటే, సముద్రానికి ఒడ్డు ఒక్కటే. కాబట్టి ఆదాయాలు పెరిగేకొద్దీ యిటువంటి వస్తువుల ధర మిగతా వస్తువులకంటే వేగంగా పెరుగుతుంది.

ఇందాకటి దిగంతపు లెక్కను యిప్పుడు కలిపి చూడండి. అంతస్తు పెరిగేకొద్దీ అదనంగా కనిపించే సముద్రం తగ్గుతూ వస్తుంది. ఫ్లోర్ రైజ్ మాత్రం తగ్గదు. కొనేవాడు కేవలం దృశ్యానికే డబ్బిస్తున్నట్లయితే పై అంతస్తుల మధ్య ధరల తేడా సన్నగిల్లాలి. సన్నగిల్లడం లేదంటే అతను కొంటున్నది ఎంత దూరం కనిపిస్తుందని కాదు, తన పైన ఎవరూ లేరనే స్థానాన్ని. వెబ్లెనూ, హిర్షూ చెప్పింది యిదే.

కొనుగోలుకు పన్నుల చట్టం కూడా కొంత ఊతం ఇచ్చింది. షేర్లో, మరో ఆస్తో అమ్మగా వచ్చిన లాభాన్ని ఇంటి మీద పెడితే మూలధన లాభపు పన్ను నుంచి మినహాయింపు వుంది. 2023 ఏప్రిల్ వరకు దీనికి పరిమితి లేదు. ఆ తరువాత 10 కోట్లకు పరిమితం చేశారు. అద్దెగా చూస్తే యిటువంటి ఇళ్ళపై రాబడి బ్యాంకు వడ్డీకంటే తక్కువ. అయినా కొంటున్నారంటే నివాసం కోసం ఎంతో, విలువను దాచుకోవడం కోసమూ అంతే.

4. దృశ్యాన్ని తయారుచేసింది ఎవరు?

అసలు ప్రశ్న యిక్కడ వున్నది. ఇటుక, సిమెంటు, ఇనుము, కూలి బిల్డరు పెట్టాడు. వాటి ధర అతను తీసుకోవడం న్యాయం. కాని ధరలో పెద్దభాగమైన సముద్ర దృశ్యాన్ని అతను పెట్టలేదు. మరి ఎవరు పెట్టారు?

మెరీన్ డ్రైవ్ చరిత్ర చూద్దాం. ఆ వంపు తిరిగిన రోడ్డు ప్రకృతి ఇచ్చింది కాదు. బ్యాక్‌బే అనే అఖాతాన్ని పూడ్చి భూమి సంపాదించాలని 1920లో గవర్నరు జార్జ్ లాయిడ్ హయాంలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటును ఏర్పాటు చేశారు. 8 భాగాలుగా 1,145 ఎకరాలు పూడ్చాలని పథకం. ఖర్చు అంచనాలు దాటింది, పని సాగలేదు, సగానికి పైగా భూమి పైకి రానేలేదు. ప్రజాధనం సముద్రంలో పోశారని న్యాయవాది కె.ఎఫ్. నారిమన్ పోరాడాడు. ఒక ఇంజనీరు పరువునష్టం దావా వేస్తే దానిలోనూ నారిమనే గెలిచాడు. యీనాటి నారిమన్ పాయింటుకు ఆయన పేరే. ఆ విధంగా ప్రజల డబ్బుతో లేచిన భూమి మీద, 1930, 40లలో ఆర్ట్ డెకో పద్ధతిలో అద్దె ఫ్లాట్లు లేచాయి. 2018లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

దృశ్యాన్ని నిలబెడుతున్నది కూడా ప్రజలే. మన చట్టంలో దృశ్యం మీద హక్కు లేదు. 1610 నాటి ఆల్డ్రెడ్ కేసులోనే ఇంగ్లీషు న్యాయస్థానం, వెలుతురుకు అడ్డు వస్తే దావా వేయవచ్చును గాని చూపుకు అడ్డు వస్తే వేయడానికి లేదని చెప్పింది. మన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కింద కూడా చిరకాల అనుభవం వల్ల వెలుతురుకూ గాలికీ హక్కు వస్తుందేగాని, చూడముచ్చటకు రాదు. అంటే వందల కోట్లు పెట్టి కొన్న సముద్రం దస్తావేజులో లేదు! రేపు ఎదురుగా మరో భవనం లేస్తే అడగడానికి వీల్లేదు. కఫ్ పరేడ్ చూడండి. ఒకప్పుడు అక్కడి బంగళాలు సముద్రపుటొడ్డున వుండేవి. తరువాత ఎదురుగా సముద్రం పూడ్చారు, ఆ కొత్త భూమి మీద ఆకాశహర్మ్యాలు లేచాయి, బంగళాలకు సముద్రం దూరమైంది.

అటువంటి అడ్డు రాకుండా కాపాడుతున్నది 1991 ఫిబ్రవరి 19న కేంద్రప్రభుత్వం తెచ్చిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన. పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు నిర్మాణాలకు అది ఆంక్షలు పెట్టింది. నగరాలలో, అప్పటికే వున్న రోడ్డుకు లోపలి వైపున తప్ప సముద్రం వైపున కొత్త కట్టడాలు రాకూడదన్నది. దానిని 2011లోనూ, 2019లోనూ మార్చారు. 2019లో నగరాలలో కట్టదగిన వైశాల్యంపై వున్న పాత పరిమితిని సడలించారు. యీ ప్రకటన తీరపు పర్యావరణాన్నీ, బెస్తవారి జీవనాన్నీ కాపాడటానికి వచ్చింది. కాని పడవలు లాగే ఇసుకను ఏ చట్టం కాపాడుతున్నదో, ముప్పయ్యయిదో అంతస్తు దృశ్యాన్ని కాపాడుతున్నది కూడా ఆ చట్టమే. బెస్తవాడికి అది బతుకు. బిల్డరుకు అది చదరపు అడుగుకు లక్షలు.

5. వర్లీలో తెలుగువారి వాటా

వర్లీ అంటే ఒకప్పుడు మిల్లులూ, చాళ్ళూ, కోలీవాడా. ముంబయి కట్టడంలో తెలుగువారి చెమట చాలా వున్నది. కామాటిపుర అనే పేట పేరే తెలంగాణ నుంచి వెళ్ళిన కామాటి కూలీల వల్ల వచ్చింది. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల పద్మశాలీలు బట్టల మిల్లుల్లో సాంచెలు నడిపారు. ఇళ్ళు కట్టే చోట రాళ్ళెత్తిన పాలమూరు కూలీల సంగతి చెప్పనవసరం లేదు.

సముద్రాన్ని పూడ్చిన ఆ బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటే వర్లీలో కార్మికులకోసం చాళ్ళు కూడా కట్టించింది. ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. ఇందాక చెప్పుకొన్న రెండు ఫ్లాట్ల వైశాల్యంలో అటువంటి గదులు 141 పడతాయి. 1982 జనవరి 18న సుమారు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మె మొదలుపెట్టారు. ఆ సమ్మె గెలవలేదు. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి, భూములు మిగిలాయి. మిల్లు భూమి అమ్మితే మూడో వంతు నగరపు ఖాళీస్థలానికి, మూడో వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి, మూడో వంతు యజమానికి అని 1991లో నియమం చేశారు. 2001లో దానిని సవరించి, కట్టడాలు లేని ఖాళీ భూమికి మాత్రమే యీ పంపకం వర్తిస్తుందన్నారు. నగరానికి రావలసిన వాటా బాగా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఆ భూములలో కొన్నిటి మీదనే యిప్పుడు సముద్రం కనిపించే గోపురాలు నిలబడ్డాయి. చాళ్ళ వంతు ఆలస్యంగా వచ్చింది. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఫ్లాట్లు అందాయి.

వర్లీ కోలీవాడా బెస్తవారి మాట కూడా చెప్పుకోవాలి. 2024 మార్చిలో మొదటి భాగం తెరిచిన కోస్టల్ రోడ్డుకోసం 111 హెక్టార్ల సముద్రాన్ని పూడ్చారు. వంతెన స్తంభాల మధ్య 60 మీటర్ల దూరం వుంటే తమ పడవలు పోలేవని కోలీలు పట్టుబట్టారు. చాలాకాలం పోరాడిన మీదట 2022 చివర దానిని 120 మీటర్లు చేయడానికి ఒప్పుకున్నారు. ధర లేని హక్కును కూడా గట్టిగా అడిగితే నిలబెట్టుకోవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

6. దస్తావేజులో ఏముంటుంది?

ఫ్లాటును సొంతానికి కొనడం అనేది మన దేశంలో పాత పద్ధతి కాదు. బొంబాయిలో 1947 అద్దె చట్టం అద్దెలను 1940 నాటి స్థాయిలో నిలిపివేసింది. అద్దెకున్నవారికి మేలు జరిగింది గాని, అద్దెకోసం ఇళ్ళు కట్టేవారు కరవయ్యారు, వున్నవాటికి మరమ్మతులు కరవయ్యాయి. అప్పుడు సహకార సంఘంగా ఏర్పడి ఫ్లాట్లు కొనుక్కొనే పద్ధతి బలపడింది. మోసాలు పెరిగాక 1963లో మహారాష్ట్ర ఓనర్‌షిప్ ఫ్లాట్ల చట్టం చేసింది. దేశమంతటికీ వర్తించే రెరా చట్టం 2016లో వచ్చింది.

పెంట్‌హౌస్ విషయంలో తగాదా వచ్చేది డాబా దగ్గర. అందరికీ చెందిన డాబా వుమ్మడి ఆస్తి అని రెరా చెబుతున్నది. దానిని బిల్డరు విడిగా అమ్ముకోవడానికి వీల్లేదు. ఒక ఫ్లాటుకు ఆనుకుని, ఆ ఫ్లాటువారు మాత్రమే వాడుకొనే డాబా వేరు. దానిని కార్పెట్ ఏరియాలో కలపకూడదని అదే చట్టం స్పష్టం చేసింది. కాబట్టి "నాలుగు వేల అడుగుల చంద్రశాల" అని ప్రకటన కనిపిస్తే, అందులో గోడల మధ్య ఎంత, ఆకాశం కింద ఎంత అని అడగడం కొనేవాడి మొదటి పని. లా చదివే మిత్రులకు యిది మంచి పాఠం.

నియమం మీరితే ఏమవుతుందో చెప్పే కేసులు కూడా వున్నాయి. ముంబయిలో ప్రతిభా అనే సహకార సంఘ భవనంలో అనుమతికి మించి కట్టినందుకు పై 8 అంతస్తులు కూల్చాలన్న కార్పొరేషన్ ఉత్తర్వును 1991లో సుప్రీంకోర్టు సమర్థించింది. కొలాబాలోని 31 అంతస్తుల ఆదర్శ్ భవనం 2010లో ఒక ముఖ్యమంత్రి పదవినే పోగొట్టింది. 2016లో హైకోర్టు కూల్చివేతకు ఉత్తర్వు ఇవ్వగా, సుప్రీంకోర్టు దాని అమలును నిలిపింది. కేరళలో కొచ్చి దగ్గర మరడులో తీర నియమాలకు విరుద్ధంగా కట్టిన నాలుగు భవన సముదాయాలను 2020 జనవరి 11, 12 తేదీలలో పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. కొన్నవాళ్ళు అనుమతులన్నీ వున్నాయనే నమ్మారు. కట్టినవాడిమీద, సంతకం చేసినవాడిమీద పడవలసిన దెబ్బ ముందుగా కొన్నవాడిమీద పడింది.

7. ఉప్పుగాలి లెక్క

ప్రకటన పుస్తకాలలో ఎప్పుడూ కనిపించని పద్దు ఒకటున్నది. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటు రంధ్రాలగుండా లోపలి ఇనుము దాకా పోతుంది. ఇనుము తుప్పు పడితే దాని ఘనపరిమాణం పెరిగి, కాంక్రీటును లోపల నుంచి పగలగొడుతుంది. పెచ్చులూడిన బీచి రోడ్డు మేడలు యిందుకు సాక్ష్యం. అందుకే భారత ప్రమాణం 456, తీరప్రాంతంలో కనీసం ఎం-30 రకం కాంక్రీటు వాడాలనీ, ఇనుముపైన 45 మి.మీ. మందం వుండాలనీ చెబుతున్నది. తుంపర నేరుగా తగిలే చోట ఎం-35, 50 మి.మీ. సాధారణ పరిస్థితులలో యీ మందం 20 మి.మీ. చాలు. సముద్రపుటొడ్డున 25 మి.మీ. మిగుల్చుకున్న మేస్త్రీ, ఇంటి ఆయుర్దాయంలో నుంచి సంవత్సరాలు కోసినట్లే.

గాలి ఒత్తిడి మరో సంగతి. ఒత్తిడి గాలి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. భారత ప్రమాణం 875 ప్రకారం ముంబయికి తీసుకోవలసిన మూల వేగం సెకనుకు 44 మీటర్లు. విశాఖకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కి.మీ. యీ వేగం దగ్గర ఎత్తుకు తగిన సవరణలు కలపకుండానే చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గాజు పలక మీద 600 కిలోలు. పై అంతస్తుకు పోయిన కొద్దీ గాలి వేగం యింకా ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సుమారు అంత వేగంతోనే విశాఖను తాకింది. అద్దాలు పగిలాయి, కరెంటు పోయింది, మోటార్లు ఆగాయి, లిఫ్టులు ఆగాయి. లిఫ్టు ఆగినప్పుడు చివరి అంతస్తు మళ్ళీ పాత పారిస్ చివరి అంతస్తే. నీళ్ళ బిందె పట్టుకుని మెట్లెక్కవలసిందే.

8. మన తీరం

విశాఖకు సముద్రం తూర్పు. ముంబయి యిబ్బంది మనకు లేదు. ఉదయపు ఎండ సముద్రం మీదుగా వస్తుంది, మధ్యాహ్నానికి భవనం నీడ ముందుకు పడుతుంది. ముందు సముద్రం, వెనక కొండలు. కొనేవారికి యింతకంటే ఏం కావాలి? గిరాకీ యింకా పెరుగుతుందని చెప్పడానికి జ్యోతిష్యం అక్కరలేదు. మంచి ఇల్లు కోరుకోవడం తప్పు కాదు. కట్టేవారు వుంటే మన ఇంజనీర్లకు, మేస్త్రీలకు, కార్పెంటర్లకు పని దొరుకుతుంది కూడా.

అయితే మన తీరం కూడా ప్రజల డబ్బుతో నిలబడుతున్నదే. ఔటర్ హార్బరు అడ్డుకట్టలు వచ్చిన తరువాత దక్షిణం నుంచి ఉత్తరానికి సహజంగా కొట్టుకువచ్చే ఇసుకకు ఆటంకం కలిగింది. ఆర్.కె. బీచి కోతకు గురికాకుండా పోర్టువారు తవ్విన ఇసుకను తెచ్చి అక్కడ పోయిస్తున్నారు. రోడ్డు కార్పొరేషన్‌ది, దీపాలు కార్పొరేషన్‌వి, ఇసుక పోర్టుది, చట్టం కేంద్రానిది. వీటన్నిటివల్ల పెరిగిన విలువ మాత్రం రోడ్డు పక్క స్థలం వున్నవాడిది. 1879లో హెన్రీ జార్జి అడిగిన ప్రశ్న యిదే: సమాజం వల్ల పెరిగిన భూమి విలువలో సమాజానికి వాటా ఎందుకు వుండకూడదు? ఆయన చెప్పినట్లు మొత్తం తీసుకోమని యీ వ్యాసం వాదించడం లేదు. పెరిగిన విలువను బట్టి పన్ను వుండాలనీ, ఆ పన్ను తీరానికే, అక్కడి జాలరిపేటల మంచినీళ్ళకూ, మురుగు కాలువలకూ ఖర్చు కావాలనీ మాత్రం అడగవచ్చును. ఒడ్డుకు పోయే దారులకు గేట్లు పడకుండా చూడవచ్చును. 500 మీటర్ల లోపు వచ్చే ప్రతి అనుమతిపత్రాన్నీ జనం చూసే చోట పెట్టమనవచ్చును.

యీ కళాశాల నుంచి బయటికి వెళ్ళేవారిలో కొందరు రేపు ఆ భవనాలకు ప్లాన్లు గీస్తారు, కొందరు ఆ ప్లాన్లమీద సంతకాలు పెడతారు, కొందరు కోర్టుల్లో వాదిస్తారు, ఒకరిద్దరు కొనను కూడా కొనవచ్చు. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నా, చదరపు అడుగు ధర చూసినప్పుడు అందులో సిమెంటుది ఎంత, సముద్రానిది ఎంత అని విడదీసి చూడటం అలవాటు చేసుకోవాలి. సిమెంటుది కట్టినవాడికి చెల్లుతుంది. సముద్రానిది, సాయంత్రం ఆ గోడమీద కూర్చుని పిడతకింద పప్పు తినే విద్యార్థితో సహా, ఊరందరి ఖాతాలో వున్న సొమ్ము.